సీడీ ప్లేయర్‌లో పెట్టుకున్న సౌండ్ మర్నాటికి ఉండాలంటే

సెట్టు ముందు కూర్చుని, ఈక్వలైజర్‌లో, అంటే సౌండ్‌ని భాగాలుగా విడదీసి పెంచే, తగ్గించే అమరికలో, ఒక్కో పట్టీ పైకీ కిందకీ జరిపి, బాస్ (అడుగు స్వరాలు) తగ్గించి, గొంతు పైకి తెచ్చి, హమ్మయ్య ఇప్పుడు పాట పాటలా ఉంది అనుకుంటాం. మర్నాడు ఆన్ చేస్తే అదంతా పోయి, షాపులోంచి తెచ్చిన రోజు మోగిన మోతే మళ్లీ మోగుతుంది. పాత మినీ సిస్టమ్‌లు అటక మీంచి దింపి దుమ్ము దులుపుతున్న స్నేహితులు ఈ మధ్య నన్ను అడుగుతున్నవి రెండే ప్రశ్నలు: సెట్టింగ్ సేవ్ చేయడం ఎలా, చేసినా ఎందుకు పోతోంది. మొదటిదానికి జవాబు మాన్యువల్‌లో ఉంటుంది. రెండోదానికి జవాబు చాలావరకు మన గోడ మీదున్న స్విచ్ బోర్డులో ఉంటుంది, అది మాత్రం ఏ మాన్యువల్‌లోనూ సరిగ్గా రాయరు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ దగ్గరున్నది విడి సీడీ ప్లేయరా, లేక యాంప్లిఫయరు, స్పీకర్లు అన్నీ కలిసిన మినీ సిస్టమా? విడి ప్లేయర్ అయితే అందులో బాస్, ట్రెబుల్ (పై స్వరాలు) సాధారణంగా ఉండనే ఉండవు. అది డిస్కులో ఉన్నదాన్ని చదివి ఉన్నదున్నట్టు వెనక వైరులోంచి యాంప్లిఫయర్‌కి పంపుతుంది, అంతే దాని పని. టోన్ మార్చేదంతా యాంప్లిఫయరే, గుర్తుపెట్టుకోవాల్సిందీ అదే. ప్లేయర్ మెనూ అంతా గాలించి ఎక్కడా ఈక్వలైజర్ కనపడక రిపేరు షాపుకి పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు, పాపం దానిలో ఏ లోపమూ లేదు. ఇంకో సంగతి, యాంప్లిఫయర్ మీద ‘సోర్స్ డైరెక్ట్’ అనో ‘ప్యూర్ డైరెక్ట్’ అనో బటన్ ఉంటే ఒకసారి చూడండి. అది నొక్కి ఉన్నంతసేపూ మీరు బాస్ ఎంత తిప్పినా తేడా రాదు, సిగ్నల్ టోన్ సర్క్యూట్ దగ్గరికి వెళ్లకుండా పక్కదారిలో పోతుంది.

మనం పెట్టుకునే సెట్టింగ్ సీడీ మీద ఎక్కదు, ఎక్కడానికి వీల్లేదు కూడా. సీడీ అంటే సెకనుకి 44,100 సార్లు కొలిచి 16 బిట్ల అంకెలుగా అచ్చువేసిన సంగీతం, దాన్ని మార్చలేం. అయితే ఒక చిన్న విశేషం ఉంది, నాకు బాగా ఇష్టమైన సంగతి. 1980ల్లో వచ్చిన కొన్ని సీడీల్లో పై స్వరాలని కావాలనే కొంచెం పెంచి రికార్డు చేసేవారు, ‘ప్రీ-ఎంఫసిస్’ అంటారు దాన్ని. అలా చేశామని చెప్పే ఒక గుర్తు డిస్కులోనే పాటతో పాటు ఉంటుంది. ప్లేయర్ ఆ గుర్తు చూసి, పెంచినంతా తిరిగి తగ్గించి వినిపిస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. అలాంటి డిస్కుని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ గుర్తుని పట్టించుకోవు, అప్పుడు పాట పల్చగా, కీచుగా వినిపిస్తుంది. సౌండ్ గురించి డిస్కు తనంతట తాను చెప్పే మాట అదొక్కటే. మిగతాదంతా మన చెవి, మన గది, మన యంత్రం.

ఇక సెట్టులో రెడీగా ఇచ్చే రాక్, పాప్, జాజ్, క్లాసిక్ బటన్ల సంగతి. పెట్టినవాళ్లని తప్పు పట్టను గానీ, అవి మన సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రాక్ నొక్కితే మామూలుగా అడుగునున్న బాస్, పైనున్న ట్రెబుల్ రెండూ లేస్తాయి, మధ్య ఒంగుతుంది. గొంతు ఉండేది ఆ మధ్యలోనే. ఘంటసాల గొంతులోని ఆ నిండుదనం, సుశీల గారు పదం చివర అచ్చుని సాగదీసి వదిలే తీరు, ఇవన్నీ కొన్ని వందల హెర్ట్జ్ (సెకనుకి ఇన్ని కంపనాలని చెప్పే కొలత) నుంచి మూడు, నాలుగు వేల హెర్ట్జ్ లోపల జరుగుతాయి. అక్కడ గుంట తవ్వి రెండు పక్కలా మట్టి పోస్తే ఇక వినడానికి మిగిలేదేముంది? జాజ్, క్లాసిక్ కాస్త నయం, అయినా అవి కూడా వేరే వాద్యాల కొలతలే.

మా ఇంట్లో ఉన్నది పెదనాన్న కువైట్ నుంచి వస్తూ తెచ్చిన మినీ సిస్టమ్. కోనసీమలో ఒకప్పుడు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లున్న ఇంట్లో ఇలాంటి సెట్టు ఒకటి తప్పకుండా ఉండేది, పైన క్రోషే గుడ్డ కప్పి. దానిలో ఏడు పట్టీల ఈక్వలైజర్ ఉంది: 63, 160, 400, 1000, 2500, 6300, 16000 హెర్ట్జ్. మనం చేసిన మార్పులు దాచుకోవడానికి కొన్ని నంబర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి నాన్నది, ఒకటి అమ్మది, మిగతావి డిస్కుల రకాన్ని బట్టి నేను పెట్టినవి.

నాన్న నంబరు ఎలా పుట్టిందో చెబుతాను, ఎందుకంటే ఈక్వలైజర్ ఇందుకే ఉందని నాకు అప్పుడే బాగా అర్థమైంది. డెబ్భై దాటాక ఆయన ప్రతిసారీ వాల్యూమ్ పెంచమనేవారు. పెంచితే అమ్మకి చెవులు గింగురుమనేవి. ఒకరోజు నాన్న, “ఒరేయ్, పాట వినపడుతోందిరా, మాటే తెలియట్లేదు” అన్నారు. ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది పై స్వరాలని. స, శ, త, చ లాంటి హల్లుల పదును ఉండేది అక్కడే. అచ్చులు కిందుంటాయి కాబట్టి మోత మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. అందుకని వాల్యూమ్ ముట్టుకోకుండా 63 ని నాలుగు మెట్లు తగ్గించాను, 160 ని రెండు. 2500 ని నాలుగు పెంచాను, దానికి అటూ ఇటూ ఉన్న 1000, 6300 లని రెండేసి. నాన్న కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చుని చరణమంతా విన్నారు, “ఇప్పుడు సాహిత్యం తెలుస్తోంది” అన్నారు. వాల్యూమ్ అంతకు ముందు కంటే తక్కువలోనే ఉంది. అమ్మ మాత్రం, “ఆయన నంబరు నాకొద్దు, నా చెవులు బాగానే ఉన్నాయి” అని తన నంబరు తను పెట్టించుకుంది, అందులో అన్నీ దాదాపు సున్నా దగ్గరే ఉంటాయి, ఒక్క 160 తప్ప.

నేను డిస్కుల కోసం పెట్టుకున్నవాటిలో ఎక్కువ వాడేది పాత మోనో రికార్డింగుల నంబరు. మన దేశంలో 1960ల దాకా 78 ఆర్పీఎం రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, వచ్చాయి, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పట్టేది. అలాంటివాటి నుంచి తీసి సీడీ మీదకెక్కించిన పాటల్లో ఎనిమిది వేల హెర్ట్జ్ పైన అసలు సంగీతం చాలా తక్కువ, అక్కడున్నదల్లా సూది గీరుకున్న సర్రుమనే చప్పుడే. కాబట్టి 16000 ని ఎంత కిందకి దించితే అంత దించేయొచ్చు, పోయేది చప్పుడే గానీ పాట కాదు. 6300 దగ్గర మాత్రం జాగ్రత్త, రెండు మెట్ల కంటే ఎక్కువ తగ్గిస్తే గొంతుకి దుప్పటి కప్పినట్టవుతుంది. అడుగున 63 దగ్గర కూడా పాట ఏమీ ఉండదు, తిరిగే పళ్లెం గురగుర ఉంటుంది, దాన్నీ తగ్గించాలి. 160 ని రెండు పెంచితే పాట మళ్లీ నిలదొక్కుకుంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత రికార్డింగులు మీ దగ్గరుంటే ఈ పద్ధతి ప్రయత్నించి చూడండి, కమాను తీగ మీద పట్టు బిగించే క్షణం ముందుకొస్తుంది.

కచేరీ సీడీలకి ఇది పనికిరాదు. మృదంగం ఎడమ వైపు చర్మానికి రవ్వ ముద్ద అంటిస్తారు కదా, స్వరం బరువుగా రావడానికి, ఆ బరువు 160 చుట్టూ వినపడాలి. 63 పెంచితే దెబ్బ సాగి తర్వాతి దెబ్బ మీద పడుతుంది, వేగంగా వాయించేటప్పుడు జతుల లెక్క తెలియదు. షేక్ చినమౌలానా గారి నాదస్వరానికైతే 2500 ని మూడు మెట్లు తగ్గిస్తాను, పెళ్లి పందిట్లో బయట వాయించడానికి పుట్టిన వాద్యం అది, చిన్న గదిలో ఆ చోట చెవిని పొడుస్తుంది. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారిది ఎలక్ట్రిక్ మాండొలిన్, దానికి నేనసలు ఏమీ ముట్టుకోను.

ఒక సూత్రం మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది: పెంచడం కంటే తగ్గించడం మంచిది. ఏ పట్టీ అయినా 3 డెసిబెల్స్ (సౌండ్ హెచ్చుతగ్గుల కొలత) పెంచితే ఆ భాగానికి యాంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 10 పెంచితే పది రెట్లు. మినీ సిస్టమ్‌ల పెట్టె మీద వేల వాట్లని రాస్తారు గానీ లోపల అంత ఓపిక ఉండదు, స్పీకరు గరగరలాడటం మొదలవుతుంది. బాస్ కావాలంటే బాస్ పెంచే బదులు మిగతావి రెండేసి మెట్లు దించి చూడండి, బాస్ ముందుకొస్తుంది, వాల్యూమ్ మరీ పెంచకపోతే సెట్టుకీ సుఖం.

రాత్రి పూట చిన్నగా పెట్టుకుని వినేవాళ్లకి వేరే నంబరు కావాలి. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బాస్ మిగతావాటి కంటే ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని 1933లోనే కొలిచి గీతలు గీసి చూపించారు. పాత యాంప్లిఫయర్ల మీద ఉండే ‘లౌడ్‌నెస్’ బటన్ పుట్టింది అందుకే. అది తక్కువ వాల్యూమ్‌కి మాత్రమే. పగలు పూర్తిగా పెట్టినప్పుడు కూడా దాన్ని నొక్కి ఉంచి, సౌండ్ డబడబలాడుతోంది అని ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టేవాళ్లని చూశాను. ముందు ఆ బటన్ తీసేయండి.

ఇప్పుడు సేవ్ చేయడం. 1990ల సోనీ మినీ సిస్టమ్‌లలో చాలావాటికి ‘పి ఫైల్’ అని బటన్ ఉంటుంది, పర్సనల్ ఫైల్ అన్నమాట, ఐదు దాకా దాచుకోవచ్చు. ముందు పట్టీలన్నీ మనకి కావలసినట్టు పెట్టుకుని, పి ఫైల్ నొక్కి, గుండ్రటి డయల్ తిప్పి నంబరు ఎంచుకుని, ఎంటర్ నొక్కాలి. ఈక్వలైజర్‌తో పాటు సరౌండ్ ఉందా లేదా అన్నది కూడా ఆ ఫైల్లోనే పడుతుంది. వేరే కంపెనీలవాటిలో బటన్ పేరు మెమొరీ అనో, యూజర్ అనో, కస్టమ్ అనో ఉండొచ్చు, పద్ధతి మాత్రం దాదాపు ఇదే. చాలామంది దగ్గర సెట్టింగ్ పడకపోవడానికి కారణం చివరి మెట్టు: నంబరు ఆరుతూ వెలుగుతూ ఉండగానే ఖరారు బటన్ నొక్కాలి. కొన్ని సెకన్లు ఊరుకుంటే సెట్టు మనం మనసు మార్చుకున్నామనుకుని పాత తెరకి వెళ్లిపోతుంది, ఏమీ దాచుకోదు. అయినా సౌండ్ మాత్రం అప్పటికి మనం పెట్టినట్టే మోగుతుంటుంది కాబట్టి సేవ్ అయిపోయిందనుకుంటాం. ఖాయం చేసుకోవాలంటే వెంటనే ఫ్లాట్‌కి (పట్టీలన్నీ సున్నా దగ్గరుండే సెట్టింగ్) మార్చి, మళ్లీ మన నంబరు పిలిచి చూడండి. ఒక సంగతి, వాల్యూమ్ ఇందులో పడదు. బాస్ బూస్ట్ బటన్ కూడా కొన్నిటిలో విడిగానే ఉంటుంది, నంబరు మారినా అది అలాగే ఉండిపోతుంది.

దీనికంటే నాకు ముచ్చటేసేది డిస్కుని గుర్తుపట్టే పద్ధతి. 1980ల ఫిలిప్స్ ప్లేయర్లలో ఎఫ్‌టీఎస్ (ఫేవరెట్ ట్రాక్ సెలక్షన్) అని ఉండేది, ఒక డిస్కులో మనకి ఇష్టమైన పాటల వరసని గుర్తుపెట్టుకుని, ఆ డిస్కు మళ్లీ పెట్టినప్పుడు ఆ వరసలోనే వాయించేది. ఆ తర్వాత సోనీ కొన్ని ప్లేయర్లలో ‘కస్టమ్ ఫైల్’ పెట్టింది, డిస్కు పేరు, వద్దనుకున్న పాటలు, కొన్నిటిలో ఆ డిస్కుకి ఎంత సౌండ్ లెవెల్ ఉండాలో కూడా దాచుకునేది. యాభైల నాటి పాటల సీడీ నెమ్మదిగా, కొత్త సినిమా పాటల సీడీ చెవులు పగిలేలా మోగే మనలాంటి వాళ్లకి ఆ లెవెల్ ఫైల్ ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు. ఇంతకీ ప్లేయర్ డిస్కుని ఎలా గుర్తుపడుతుందంటే, సీడీ లోపలి అంచున విషయ పట్టిక లాంటిది ఉంటుంది, ఎన్ని పాటలు, ఏది ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్ల దగ్గర మొదలవుతుంది అని. ఆ అంకెల వరసే డిస్కుకి వేలిముద్ర. అందుకే ఇంట్లో కాపీ కొట్టిన సీడీలో పాటల మధ్య ఖాళీ కాస్త మారినా ప్లేయర్ దాన్ని కొత్త డిస్కుగానే చూస్తుంది.

సరే, చేసినా ఎందుకు పోతోంది?

ఈ సెట్లు తయారుచేసినవాళ్లు యంత్రం ఎప్పుడూ ప్లగ్‌లో ఉంటుందనీ, రిమోట్‌తో స్టాండ్‌బైలో (పాట ఆగినా లోపలికి కరెంటు అందుతూ ఉండే స్థితి) పెడతామనీ అనుకుని చేశారు. మనం అలా చేయం. పడుకోబోయే ముందు గోడ మీద స్విచ్ ఆపేస్తాం, ఉరిమితే ప్లగ్గే పీకేస్తాం, ఊరెళ్తే మెయిన్ ఆపేస్తాం. మంచి అలవాటే, పిడుగుకి, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి ఎన్ని సెట్లు కాలిపోయాయో అందరికీ తెలుసు, మానమని నేను చెప్పను. అయితే మీ సెట్టులో జ్ఞాపకం ఏ రకమో తెలుసుకోండి. కొన్నిటిలో ఈఈప్రామ్ అనే చిప్ ఉంటుంది, కరెంటు లేకున్నా అందులో రాసింది చెరిగిపోదు. కొన్ని పాతవాటిలో చిన్న కెపాసిటర్ ఉంటుంది, గుండీ అంత, మీద 5.5 వోల్టులని రాసి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అది తనలో నిలవ ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ జ్ఞాపకాన్ని కొన్ని గంటలో, పూటో, రోజో కాపాడుతుంది. సెట్టు పాతబడేకొద్దీ దాని ఓపిక తగ్గుతుంది, చివరికి ఐదు నిమిషాల కరెంటు కోతకే గడియారం సున్నాలు కొట్టుకుంటూ కనపడుతుంది. గడియారం, రేడియో స్టేషన్లు, ఈక్వలైజర్ మూడూ ఒకేసారి పోతుంటే అనుమానించాల్సింది దాన్నే. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సెట్టుని ఆ లైన్ మీద పెడితే కోతల బాధ ఉండదు గానీ, మనంతట మనం స్విచ్ ఆపితే అదీ కాపాడలేదు.

చిప్ ఉన్నవాటిలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని సెట్లు మనం చేసిన మార్పుని అప్పటికప్పుడు చిప్‌లో రాయవు, స్టాండ్‌బైలోకి వెళ్లేటప్పుడు రాస్తాయి. పాట మోగుతుండగానే గోడ స్విచ్ ఆపేస్తే రాసే అవకాశమే దానికి ఉండదు. అందుకని ముందు సెట్టు మీదున్న పవర్ బటన్ నొక్కండి, డిస్‌ప్లే ఆరనివ్వండి, ఆ తర్వాతే గోడ స్విచ్. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైంది, అమ్మతో సహా. దీంతోనే చాలామంది సమస్య తీరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

ఏ రకం జ్ఞాపకం ఉన్నా కాగితం మీద రాసుకోవడం మానకండి. నేను ప్రతి సీడీ డబ్బాలో, లోపలి పుస్తకం వెనక, పెన్సిల్‌తో ఏడు అంకెలు వరసగా రాసి పెడతాను. మైనస్ ఆరు, రెండు, సున్నా, సున్నా, రెండు, మైనస్ రెండు, మైనస్ ఎనిమిది, ఇలా. పక్కన ఎవరి కోసమో ఒక అక్షరం. సెట్టు మారితే ఆ అంకెలు అచ్చంగా పనికిరావు, స్పీకర్లు వేరు, పట్టీలు వేరు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. డిస్‌ప్లే ఫొటో ఫోన్‌లో తీసుకున్నా సరే, ఆ ఫొటో ఏ డిస్కుదో తెలిసేలా కవరు పక్కన పెట్టి తీయండి.

కెపాసిటర్ మార్పించాలంటే ఖరీదైన పని కాదు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ వైపు, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. పాతదాని మీద ఉన్న వోల్టు, ఫారడ్ అంకెలు చూసి అదే ఇమ్మని అడగాలి, ప్లస్, మైనస్ కాళ్లు తారుమారు కాకూడదు. సాల్డరింగ్ రాకపోతే మీరు చేయకండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు ఉంటాయి, మెకానిక్‌కి ఇవ్వండి. ఇచ్చే ముందు మీ అంకెలన్నీ రాసిపెట్టుకోండి, విప్పితే లోపల దాచినవి ఎలాగూ పోతాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక్క పరీక్ష. షాపులో సెట్టు ఆన్ చేయించి, ఈక్వలైజర్ ఏదో ఒకటి వంకరగా పెట్టి సేవ్ చేయండి, గడియారం కూడా సరిచేయండి. పవర్ బటన్‌తో ఆపి, ప్లగ్ పీకించి, మిగతా సామాను చూస్తూ ఓ పావుగంట గడపండి. మళ్లీ పెట్టించినప్పుడు మీ వంకర సెట్టింగ్ అలాగే ఉంటే మంచిది. పోయిందంటే సెట్టు పనికిరానిదని కాదు, ఆ మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. అమెరికా నుంచో జపాన్ నుంచో వచ్చిన సెట్టయితే ప్లగ్ పెట్టించే ముందే వెనక వోల్టేజీ ఎంతని రాసి ఉందో చూడండి, అక్కడి 120 వోల్టుల, 100 వోల్టుల సెట్టుని మన 230కి నేరుగా తగిలిస్తే సెట్టింగ్ సంగతి తర్వాత, సెట్టే ఉండదు.